గంగప్ప మామకు పోసిన మిరపకాయ వోడ్కా

పిల్లనిచ్చే మామను పెళ్లికి ముందే పైకి పంపబోయిన ఘనుణ్ణి నేను. నమ్మరా? అయితే వినండి.

మాది రొద్దం. బెంగళూరులో ఒక హోటల్ బార్‌లో మందు కలిపే పని నాది. హిందూపురంలో ఎండుమిర్చి మండీ నడిపే గంగప్ప గారి కూతురు శైలజను ప్రేమించాను. ఆయనేమో "మందు పోసేవానికి పిల్లనెట్లా ఇచ్చేది?" అన్నాడు. శైలజ పట్టుబడితే కాస్త మెత్తబడ్డాడు. "సరే, వాని పనితనం ఏందో చూస్తా. వచ్చేది కాక ఆపై ఆదివారం రమ్మను."

ఆయన మెచ్చాలని ఆయన మండీలోనే మిరపకాయలు కొనిపించి వోడ్కాలో వేశాను. ఒక పూట నానితే చాలు, వడగట్టేయాలి. ఆ సంగతి నాకూ తెలుసు. కానీ ఊరగాయలు తిని పెరిగిన బుద్ధి ఊరుకుంటుందా? ఎంత ఊరితే అంత రుచి అనుకుని తొమ్మిది రోజులు ఊరబెట్టాను. రోజూ పొద్దున ఒక చెంచా రుచి చూడటం, కారం చాలలేదనిపించి ఇంకో నాలుగు కాయలు వేయడం. మొద్దుబారింది నా నాలుకేనని తట్టలేదు.

ఆదివారం శైలజ గుమ్మంలోనే అడిగింది.

"గింజలన్నా తీసినావా?"

"గింజలు తీస్తే మీ నాయనకు కారం యాడ ఆనుతాది?"

మిద్దె మీద గ్లాసుల్లో పోసి, నిమ్మచెక్క పెట్టి, వినయంగా అందించాను. ఆయన ఒక గుక్క మింగాడు. మెడనరాలు లేచాయి. ముఖం మాత్రం కదల్లేదు.

"యాడ కాయలబ్బా ఇవి?"

"మీ మండీవే మామా."

ఇంకేమంటాడు పాపం? కారమెక్కువంటే మిర్చి వ్యాపారి పరువు పోతుంది, బాగాలేదంటే సొంత సరుకును తిట్టుకున్నట్టవుతుంది. "బాగుండాది" అని ఇంకో గుక్క వేశాడు. నేనూ తాగక తప్పలేదు. నాలుక మొద్దుబారినా గొంతు మొద్దుబారలేదని అప్పుడు తెలిసింది. రోట్లో తలపెట్టి రోకటిపోటుకు వెరవకూడదంటారు. నేను నా తలతో పాటు మామ తల కూడా పెట్టించాను.

"మీ కండ్లలో నీళ్లొస్తాండాయి మామా."

"మా నాయన గుర్తొచ్చినాడులే."

గ్లాసు ఖాళీ చేసి, మర్యాదగా లేచి, మెట్లు దిగి వెళ్లాడు. ఎంతకీ రాకపోతే భయపడి కిందికి తొంగిచూశాను. పెరట్లో నీళ్లతొట్టిలో మెడదాకా తల ముంచి ఉన్నాడు. కాసేపటికి జుట్టు కారుతుండగా పైకొచ్చి, "ఎండ ఎక్కువుండాది" అని మళ్లీ కూర్చున్నాడు.

నా ఉద్యోగంలో ఎందరో తాగేవాళ్లను చూశాను గానీ అంతటి ధీరుణ్ణి చూడలేదు. కాళ్లకు దండం పెట్టాలనిపించింది. పెట్టేశాను.

"నాదే తప్పు మామా. తొమ్మిది దినాలు ఊరబెట్టినా. కాయలది ఏమీ లేదు."

ఆయన శైలజ తెచ్చిన పెరుగు గిన్నెనెత్తి గటగటా తాగి మూతి తుడుచుకున్నాడు.

"తప్పు ఒప్పుకున్నావు, పిల్లనిస్తా పో. మిరపకాయలు మాత్రం ఇయ్యను. ఈ జన్మకు అడగొద్దు."

చదువరుల సాక్షిగా, మా ఇంటి దేవుడి మీద ఒట్టేసి చెబుతున్నాను: ఇక బతికుండగా మా మామకు కారం మందు పోయను. పోద్దామన్నా దారి లేదు. నా ముఖానికి ఒక్క కాయ కూడా అమ్మొద్దని హిందూపురం మండీలన్నిటికీ ఆయన చెప్పిపెట్టాడు.