తప్పిన ఏడు బొట్లు

మొన్న గచ్చిబౌలి ఆసుపత్రిలో మా ఆడపడుచు మంచం పక్కన కూర్చుని సెలైన్ బొట్లు జారడం చూస్తుంటే, నా పెదవులు వాటంతటవే లెక్కపెట్టడం మొదలుపెట్టాయి. "ఏంటి వదినా, మంత్రం చదువుతున్నావా?" అని నవ్వింది. మంత్రం కాదు, పాత భయం.

కొన్నేళ్ల క్రితం శేరిలింగంపల్లిలో, ఒక బిర్యానీ హోటల్ పై అంతస్తులో, సెలైన్ బొట్లను లెక్కపెట్టే పరికరం తయారుచేసే చిన్న సంస్థలో పనిచేశాను. నీరు అంటని పూత పూసిన గొట్టంలోంచి బొట్టు జారితే పూత మీద రుణావేశం మిగిలి, బొట్టు ధనావేశంతో బయటపడుతుంది. ఆ రవ్వంత విద్యుత్తును పట్టుకుని యంత్రం లెక్క వేసేది. మధ్యాహ్నం పన్నెండు దాటితే కింది నుంచి వచ్చే మసాలా వాసనకు మేం లెక్క తప్పేవాళ్లం గానీ, అది తప్పేది కాదు. పూత పని చూసేది బాలానగర్ వర్క్‌షాపుల్లో చేయి తిరిగిన ఒక పెద్దాయన. సంస్థ నడిపే మా సారుతో సహా అందరికీ ఆయన 'అన్న'.

కొనేముందు పరికరాన్ని చూడటానికి డాక్టర్లు వచ్చే రోజు, ఇంకో గంట ఉందనగా అన్న నన్ను పిలిచాడు. "మేడం, జర ఇటు రాండ్రి. రోజూ ఉత్త శుద్ధి నీళ్లే పోస్తున్నం గద. ఇయ్యాల సెలైన్ పెట్టి చూసిన. ఇరవై పడితే పదమూడే అంటుంది."

కొత్త గొట్టంతో ఒక్కసారి చూసి 'సెలైన్‌తోనూ సరే' అని సంతకం పెట్టింది నేనే. ఉప్పునీటిలోని అయాన్లు పూత మీది ఆవేశాన్ని కప్పేస్తున్నాయి, బొట్టుకు దక్కేది చాలడం లేదు. నర్సు ఆ పదమూడునే నమ్మి వేగం పెంచితే?

సారుకి చెప్పాను. ఆయన తలుపు మూసి, "ఈ ఒక్క పూటకి శుద్ధి నీళ్లే పోయండమ్మా, తర్వాత సరిచేద్దాం" అన్నాడు. ఆయన మీద కోపం రాలేదు. 'అలాగే' అనేస్తానేమోనని నా మీద నాకే భయమేసింది.

డాక్టర్లు వచ్చారు. నేను సీసా తగిలించాను. యంత్రం చక్కగా లెక్కపెడుతోంది. వాళ్లలో పెద్దావిడ కళ్లజోడు సవరించుకుని, "ఇది సెలైనేనా అండి?" అని అడిగింది. సారు నా వైపు చూశాడు.

"కాదండి. సెలైన్‌తో తప్పుతోంది. సరిగా చూడకుండా సంతకం పెట్టాను, పొరపాటు నాదే."

సారు కుర్చీలో కూలబడ్డాడు. ఆవిడ మాత్రం కదల్లేదు. "ఏదీ, చూపించండి" అని, సెలైన్ పెట్టించి, వేళ్ల కణుపుల మీద తానే లెక్కపెట్టింది. చివరికి "ఇక్కడే తెలిసింది, నయం" అని లేచింది.

వాళ్లు మళ్లీ రాలేదు. ఆరు నెలల్లో సంస్థ మూతపడింది. చివరి రోజు అన్న నా భుజం తట్టి, "ఫికర్ చెయ్యకుండ్రి మేడం, నిద్రయితే వడతది గద" అన్నాడు. సారు నిరుడు ఒక పెళ్లి విందులో ఎదురై, తన పళ్లెంలోని బొబ్బట్టు నా పళ్లెంలో వేసి వెళ్లిపోయాడు. ఆ డాక్టర్ల ముందు నిలబడ్డ కొన్ని నిమిషాలు పూర్తిగా గడవడానికి ఇన్నేళ్లు పడుతుందని ఆ రోజు నాకు తెలియదు.