దయ్యాల పార్కుకు నాలుగు మిఠాయిలతో

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. డెబ్బై దాటిన మనిషి దయ్యాల ఆట చూడబోయి పరుగు లంకించుకున్నాడని పదిమందికీ చెప్పుకోవడంలో గొప్పేముంది? అయితే మా వీధిలో కనబడినవాళ్లంతా అక్కడికి ఎట్లా పోవాలి, ఎంతవుతుంది, ముసలివాళ్లు పోవచ్చా అని అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి, ఒక్కొక్కరి దగ్గరా విడివిడిగా నవ్వులపాలు కావడం కంటే ఒకేసారి రాసి పారేస్తే పీడ వదులుతుంది. పొట్లాలు కట్టే పాత కాగితాలు చదివి తెలుగు నేర్చుకున్నవాణ్ణి నేను. కథ మధ్యలో చిరిగిపోయిన కాగితాలే ఎక్కువగా దొరికేవి. అందుకని నా రాత దోవ తప్పుతూ ఉంటుంది, ఓర్చుకోండి.

మా ఇంటామె సరోజ హోసూరులో ఒక బట్టల కొట్టులో చీర కొన్నది. చీరతో పాటు కూపన్ ఇచ్చారు. కూపన్‌కు రెండు టికెట్లు తగిలాయి. హోసూరుకూ కృష్ణగిరికీ మధ్య, హైవే నుంచి లోపలికి ఉన్న ఆటల పార్కులో ఏటా అక్టోబరు చివర హాలోవీన్ అని దయ్యాల పండుగ చేస్తారు. దానికి టికెట్లు అవి. కౌంటరులో కొంటే మనిషికి వెయ్యి పైచిలుకు. మనవాళ్లు మహాలయ అమావాస్యకు చనిపోయినవాళ్లను పిలిచి వడ, పాయసం పెట్టి పంపుతారు. వీళ్లేమో డబ్బు కట్టించుకుని వాళ్లచేత మనల్ని తరిమిస్తారు. ఎవరి ఆచారం వాళ్లది.

సరోజకు భయమనేది తెలియదు. నాకు చీకటంటే భయం. పాతపేటలో కిరాణా కొట్టు నడిపినన్నాళ్లూ, పొద్దు గూకాక గోడౌనులోంచి బెల్లం అచ్చు తేవాలంటే ఆమెనే పంపేవాణ్ణి. కాబట్టి టికెట్లు చూడగానే నేను వద్దన్నాను, ఆమె పోదామన్నది. మా ఇంట్లో అటువంటప్పుడు ఏం జరుగుతుందో మీకు విడిగా చెప్పక్కరలేదు.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. ఆమెకు షుగరు ఉంది. మాత్ర వేసుకుని వేళకు తినకపోతే ఒళ్లంతా చెమట పట్టి, కాళ్లు వణికి, కూలబడిపోతుంది. అప్పుడు వెంటనే నోట్లో తీపి పడాలి. ఒకసారి ఆలస్యమై ఆసుపత్రి దాకా పోయింది. అందుకని నా చొక్కా జేబులో ఎప్పుడూ నాలుగు కొబ్బరి మిఠాయిలు ఉంటాయి. ఆమె దగ్గరే ఉంచవచ్చు కదా అంటారేమో. ఉంచితే అక్కర లేనప్పుడే తినేస్తుంది. కాబట్టి మా ఇంటి చట్టం ఇది: జబ్బు ఆమెది, మిఠాయి నాది.

మధ్యాహ్నం మూడింటికి కృష్ణగిరి బస్టాండులో హోసూరు బస్సెక్కాం. బస్సులకు కరువు లేదు. ఒకటి పోతే వెనకే ఇంకొకటి. శూలగిరి దాటాక పార్కు మలుపులో దింపమంటే కండక్టరు దింపుతాడు. ఇద్దరికీ కలిపి వంద రూపాయల లోపే. మలుపు నుంచి లోపలికి ఆటో. వంద అడుగుతారు, ఎనభైకి వస్తారు. మా ఆటో నడిపిన మునిరాజుది కెలవరపల్లి. తిరిగి బస్సు దగ్గర దింపడానికి వస్తావా అని అడిగితే తలూపాడు.

"వస్తాను తాతా. మీరైతే ఎక్కుతారు కదా? పోయినేడు ఒకాయన బయటికొచ్చి నా ఆటో ఎక్కనే లేదు. ఎనక సీట్లో ఎవురో ఉండారనె."

"ఎవరున్నారు?" అన్నాను.

"ఎవురూ లేరప్పా, చూడు అని లైటేసి చూపిస్తే, ఎవురూ లేరంటే ఇంగా భయమనె. నడిచే పాయె."

సరోజ పగలబడి నవ్వింది. నేను జేబు తడుముకున్నాను. మిఠాయిల పక్కన, ఆమెకు తెలియకుండా పెట్టుకున్న నిమ్మకాయ ఒకటి ఉంది. ఉదయమే దేవుడి ముందు పెట్టి తెచ్చింది. గేటులో తనిఖీ చేసే ఆయన మిఠాయిలు చూసి వదిలేశాడు కానీ నిమ్మకాయను బయటికి తీశాడు.

"ఇది లోపలికి ఇడిసేది లేదు తాతా."

"ఏమప్పా, నిమ్మకాయ ఏం చేస్తుంది?"

"పోయినేడు ఎవురో దయ్యం కంట్లో పిండినారు. పాపం, నాలుగు దినాలు అది డ్యూటీకే రాలే."

ఆయన పక్కన ప్లాస్టిక్ బకెట్ ఉంది. సగానికి పైగా నిమ్మకాయలే. కొన్నింటికి కుంకుమ బొట్లు కూడా ఉన్నాయి. నా ఒక్కడికే కాదు, హోసూరు, కృష్ణగిరి జనమంతటికీ ఒకటే ధైర్యమని తెలిసి కొంచెం ఊరట కలిగింది. సరోజ మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "దేవుడి ముందర కాయ యాడికి పోయిందా అని ఎతుకుతా ఉంటిని" అన్నది.

ఐదున్నరకు ఆమె మాత్ర వేసుకున్నది. వెంటనే దోసె తినాలని లెక్క. క్యాంటీన్ ముందు చూస్తే కొండవీటి చాంతాడంత వరస. మొహానికి సున్నం, పెదవులకు రక్తం పూసుకున్నవాళ్లు కూడా చేతిలో టోకెన్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. "ఇంగా అర్ధగంట పడుతుందమ్మా" అన్నాడు పెనం దగ్గరి వంటాయన. "దయ్యాలకు ముందు పెట్టాల, వాళ్ల షిఫ్టు మొదులవుతుంది." ఇంతలో మా టికెట్ల నంబరు మైకులో పిలిచారు. చూసొచ్చి తిందామన్నది సరోజ. నేను సరేనన్నాను. అక్కడే ఇద్దరమూ పొరపాటు చేశాం. ఫోన్లు లాకరులో పెట్టించుకున్నారు. చినుకులు పడుతున్నాయి, హోసూరు చలి తెలిసిందే. పెద్ద రేకుల షెడ్డు ముందు పదిమందిమి ఒక తాడు పట్టుకుని నిలబడ్డాం. తాడు వదలకండి, వెనక్కి తిరగకండి, ఎవరినీ కొట్టకండి అని చెప్పి తలుపు తెరిచారు.

మొదటిది ఆసుపత్రి. మంచాలు, రక్తం, కేకలు. భయం వేసింది కానీ అది అందరికీ వేసే భయం. రెండోది పెళ్లి మండపం. వరసగా కుర్చీలు, వాటిలో మనకు వీపు పెట్టి కూర్చున్న చుట్టాలు. నాదస్వరం నత్తనడకన, అపస్వరంలో మోగుతోంది. మేము సగం దూరం పోయాక కుర్చీల్లో ఉన్నవాళ్లందరూ ఒకేసారి తలలు తిప్పారు. ఒక్కరికీ ముఖం లేదు. నా చెయ్యి తాడు మీద ఉందో సరోజ మణికట్టు మీద ఉందో నాకు తెలియలేదు. "నా చెయ్యి ఇరుస్తావేమప్పా" అని ఆమె అన్నాక తెలిసింది.

మూడోది పట్టుపురుగుల షెడ్డు. దాన్ని కట్టినవాడు ఎవడో కానీ మన ప్రాంతం వాడే అయ్యుంటాడు. ఇక్కడ కొంచెం ఆగి ఒక మాట చెప్పాలి. నా చిన్నప్పుడు మా ఇంట్లో పట్టుపురుగులు పెంచేవాళ్లు. తట్టలు అటకల్లాగా ఒకదాని మీద ఒకటి, వాటి కింద మా పడకలు. గూడు కట్టే ముందు పురుగులు రాత్రంతా ఆకు తింటాయి. ఆ చప్పుడు అచ్చం కప్పు మీద వాన పడినట్టు ఉంటుంది. అది వింటూ నిద్రపోయేవాళ్లం. చప్పుడు ఆగిందంటే మాత్రం మా అమ్మ దీపం పట్టుకుని లేచేది. ఆగడమంటే పురుగుకు తెగులు సోకిందని. ఒక ఏడు అట్లాగే ఆగింది. తెల్లారేసరికి తట్టలన్నీ నల్లబడ్డాయి. మా అమ్మ గుమ్మంలో కూర్చుండిపోవడం ఇప్పటికీ నా కళ్లల్లో ఉంది.

ఆ షెడ్డులో మనిషెత్తు పట్టుగూళ్లు వేలాడుతున్నాయి, తెల్లగా, మెత్తగా, లెక్కలేనన్ని. వాటిని చేతులతో తోసుకుంటూ పోవాలి. కొన్నింటిలో దూది ఉంది. కొన్నింటిలో మనుషులు ఉన్నారు, లోపల ఊపిరి తీస్తున్నారు. పైన ఎక్కడో స్పీకర్లలో వాన పడినట్టు ఆకు తినే చప్పుడు. తక్కినవాళ్లు గూళ్లను తాకి అరుస్తున్నారు. నేను మాత్రం ఆ చప్పుడు వింటూ నెమ్మదిగానే నడుస్తున్నాను.

అంతలో చప్పుడు ఆగింది.

ఆ తర్వాత నేనేం చేశానో నాకు తెలియదు. తాడు వదిలాను. ఎవరినో తోశాను. కళ్లు తెరిచేసరికి బయట, పాప్‌కార్న్ బండి దీపాల కింద ఉన్నాను. మా జట్టువాళ్లు ఒక్కొక్కరే నవ్వుకుంటూ వచ్చారు. సరోజ రాలేదు.

కొంచెంసేపు చూశాను. మా ముందు నడిచిన కొత్తగా పెళ్లైన జంటను అడిగాను. "మీ పక్కనే ఉండె కదా తాతా" అన్నది ఆ అమ్మాయి. అప్పుడు గుర్తొచ్చింది, మాత్ర వేసుకుని గంట దాటిందని. జేబులోకి చెయ్యి పోయింది. నాలుగు మిఠాయిలూ నా దగ్గరే ఉన్నాయి.

బయటికి వచ్చే తలుపు దగ్గరి కాపలా ఆయనతో, మా ఇంటామె లోపలే ఉండిపోయిందన్నాను.

"లోపల ఎవురూ లేరు తాతా. మీదే కడపటి బ్యాచి. ఇప్పుడు బ్రేకు. దయ్యాలు కూడా టీకి పోయినాయి."

"బాగా చూడప్పా. ఆమెకు షుగరు ఉంది."

ఆయన వాకీటాకీలో అడిగాడు. బరబరమని శబ్దం తప్ప జవాబు లేదు. "ఎవురూ లేరు తాతా" అన్నాడు మళ్లీ. ఆటోలో మునిరాజు చెప్పిన మనిషి నాకు అప్పుడు అర్థమయ్యాడు.

నేను తలుపు తోశాను. "ఇది బయటికొచ్చే దోవ, లోపలికి పోగూడదు!" అని అరిచాడు.

"నేనింకా బయటికే రాలేదనుకో" అన్నాను.

లోపల దీపాలు ఆర్పేశారు. ఎర్ర బల్బు ఒకటి మూలన వెలుగుతోంది. వాన చప్పుడు మళ్లీ మొదలైంది, దాన్ని ఆపడం మరిచినట్టున్నారు. ఒక మిఠాయి కాగితం ఒలిచి గుప్పిట్లో పట్టుకున్నాను, దొరకగానే నోట్లో పెట్టడానికి. రెండో చేత్తో గూళ్లను ఒక్కొక్కటే తోస్తూ, ఆమె పడిపోయి ఉంటుందేమోనని కాళ్లతో నేల తడుముతూ నడిచాను. తోసిన ప్రతి గూడూ పోయినట్టే పోయి తిరిగొచ్చి వీపుకు తగిలేది. తగిలిన ప్రతిసారీ అది ఊపిరి తీస్తోందేమోనని ఆగేవాణ్ణి. "ఇదో, ఇదో" అని పిలిచాను. పెళ్లైన నాటి నుంచి నేను ఆమెను పిలిచింది అట్లాగే. "సరోజా!" అని అరిచాను. ఆ పేరు నా గొంతులో నాకే కొత్తగా వినిపించింది. కాలికి ఏదో తగిలింది. వంగి తడిమాను. చెప్పు. బొటనవేలి దగ్గర నేనే కుట్టించిన చెప్పు.

చప్పుడు మళ్లీ ఆగింది. ఈసారి పరిగెత్తలేదు. చెప్పు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. మా అమ్మ, నల్లబడిన తట్టలు, అన్నీ ఒకేసారి కళ్ల ముందుకొచ్చాయి. ఆ నిశ్శబ్దంలో, గోడ అవతల నుంచి, గ్లాసు పెట్టిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఒక గొంతు.

"ఇంగ కొంచెం చక్కెర ఎయ్యి తల్లీ."

గోడకు వేలాడుతున్న నల్ల తెర లాగాను. ట్యూబులైటు వెలుతురు కళ్లల్లో కొట్టింది. ప్లాస్టిక్ కుర్చీల్లో ముఖం లేని పెళ్లి చుట్టాలు ముసుగులు పైకెత్తుకుని టీ తాగుతున్నారు. వాళ్ల మధ్య సరోజ, తడిసిన జాకెట్టుతో, ఒక కాలికే చెప్పుతో, చేతిలో గ్లాసుతో కూర్చుని ఉంది. ఆమె చేతులు ఇంకా వణుకుతున్నాయి. పక్కన నడుము దాకా పట్టుగూడు తొడుక్కున్న ఒకామె అట్టముక్కతో గాలి విసురుతోంది.

"యాడికి పోయినావప్పా?" అన్నది సరోజ.

"నీ కోసమే ఎతుకుతా ఉండాను."

"ముందు పరిగెత్తి, ఎనక ఎతికేదా?"

చుట్టాలందరూ నవ్వారు. పట్టుగూడు ఆమె పేరు కల్పన. మూకండపల్లిలో ఉంటుంది. పగలు ఫ్యాక్టరీలో, సాయంత్రం ఇక్కడ. ఏమైందో ఆమే చెప్పింది. "కింద కూర్చోని నా గూడు పట్టుకోని, అమ్మా, చక్కెర ఉండాదా అని అడిగినారు తాతా. ఎవురో ఎగతాళి చేస్తా ఉండారనుకుంటి. చెయ్యి పట్టుకుంటే చల్లగా, నీళ్లు కారతా ఉండె. మా అమ్మకూ ఇట్లే వస్తుంది. గూడు చించుకోని బయటికొచ్చి ఎత్తుకోనొచ్చినాను."

"ఏమిచ్చినావమ్మా?"

"షర్బత్తు. గేటులో పట్టుకున్న నిమ్మకాయలన్నీ మాకే కదా వచ్చేది."

నేను కుర్చీలో కూలబడ్డాను. గుప్పిట తెరిస్తే మిఠాయి నలిగి చేతికి అంటుకుపోయి ఉంది. దాన్ని ఊడదీసి కాగితం ముక్కలో చుట్టి జేబులో వేసుకున్నాను. నాకూ ఒక గ్లాసు ఇచ్చారు. తర్వాత క్యాంటీన్‌లో చెరో రెండు దోసెలు తిన్నాం. కల్పన వెంట వచ్చింది కాబట్టి వరసలో నిలబడే పని తప్పింది.

ఇంటికొచ్చాక చాలాసార్లు ఆలోచించాను. ఆ రక్తాలు, మంచాలు, ముఖం లేని చుట్టాలు, అంత ఖర్చుపెట్టి కట్టినవన్నీ ఇప్పుడు తలుచుకుంటే నవ్వే వస్తుంది. నవ్వు రానిది ఒకటే, లోపల ఎవురూ లేరని ఆ కాపలా ఆయన మామూలుగా అన్న మాట. చీకట్లో ఎవరో ఉన్నారని నేను ఇన్నేళ్లూ భయపడ్డాను. ఉండవలసిన మనిషి లేకపోవడం ముందు అది ఏపాటి? వెళ్లేవాళ్లకు నా సలహా ఒక్కటే. షుగరు ఉన్నవాళ్లు తినకుండా లోపల అడుగు పెట్టకండి, తీపి ఎవరి ఒంటికి అవసరమో వాళ్ల దగ్గరే ఉంచండి. గేటులో దాన్ని ఆపరు.

ఆ రోజు ఇంటికి రాగానే చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాను. సరోజ జేబులోంచి మిఠాయిలు తీసింది. నలిగినది నాకిచ్చింది. మిగిలిన మూడూ తన సంచీలో వేసుకుని జిప్పు లాగింది.