పచ్చ ట్యాంకు, పొడవు సీటు: బళ్ళారి నుంచి సండూరు కొండకు

మా బండ్లవాళ్ళ గుంపులో ఒక పద్ధతి ఉంది. ఏడాదికి ఒకసారి, వానలు తగ్గాక వచ్చే రెండో శనివారం, అందరూ వెనక ఒక మనిషిని ఎక్కించుకుని రావాలి. పెళ్ళామైనా సరే, చెల్లెలైనా సరే, స్నేహితుడైనా సరే. వెనక మనిషి లేనివాడు అందరికీ తినడానికి తెచ్చిన బొరుగుల మూట మోయాలి. ఆరేళ్ళుగా ఆ మూట మోసింది నేనే. ముప్పై ఏళ్ళు లారీ తోలిన చేతులకు బొరుగులు ఒక బరువు కాదు. కానీ ప్రతి ఏడూ ఎవడో ఒకడు "ఏమప్పా, ఈసారి కూడా బొరుగులేనా నీ జోడు?" అని నవ్వుతాడు. ఆ నవ్వు ఇంకొక్కసారి పడకూడదని ఈ ఏడు జోడుతోనే పోవాలనుకున్నాను.

మూట నా మీద పడడానికి కారణం నేనే. నాది జోడు సైలెన్సర్ల పాత బండి, పెట్రోల్లో ఆయిలు కలిపి పోసే రకం. ఏడేళ్ళ కింద కుర్రవాళ్ళ బండ్లు చూసి మనసాగక, దాని పొడవు సీటు తీయించి ఒక్క మనిషికి సరిపోయే సీటు వేయించాను. చూడడానికి గుర్రంలా ఉండేది. మా ఆవిడ మార్తమ్మ వాకిట్లో నిలబడి దాన్ని చూసి, "నాకు జాగా యాడుందయ్యా?" అని ఒక్క మాట అడిగి లోపలికి పోయింది. అంతే, మళ్ళీ నా బండి ఎక్కలేదు. మార్కెట్టుకు ఆటో, చర్చికి ఆటో. ఆదివారం ఆమె ఆటోలో ముందు పోతే నేను బండి మీద వెనక పోయేవాణ్ణి.

నేను బతిమాలే మనిషిని కాదు. ఈ ఏడు ఎవరికీ చెప్పకుండా కౌల్ బజారులో సీట్లు కుట్టే ఆయన దగ్గరికి పోయి పొడవు సీటు వేయించాను. వెనక పట్టుకోవడానికి కడ్డీ, కాళ్ళు పెట్టుకోవడానికి వెడల్పు పలక. నాలుగు రోజుల పని, రెండువేల మూడువందలు తీసుకున్నాడు. ఇంటికి తెచ్చి, "సీటు వేయించినా. సండూరుకు వస్తావా?" అన్నాను. మార్తమ్మ బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే, "ట్యాంకుకు పచ్చ రంగు వేయించు. అప్పుడు చూస్తా" అంది.

మా ఇంట్లో పచ్చ అంటే పసుపు. మా అమ్మ పచ్చ చీర అంటే పసుపు చీరే. ట్యాంకు ఊడదీసి, రంగులు వేసే వీరేశి అంగడికి పంపించి, ఫోన్లో "పచ్చగా వేయప్పా, నిగనిగలాడల్ల" అని చెప్పాను. శుక్రవారం సాయంత్రం పోయి చూస్తే ట్యాంకు చిలకలా ఉంది.

"ఏందప్పా ఇది?"

"ట్యాంకు."

"ట్యాంకని నాకు తెలీదా. రంగేంది?"

"పచ్చె. మీరే గదా ఫోన్లో హేళింది."

"పచ్చంటే పసుపుపచ్చ. నీకు తెలుగు రాదా?"

"నాకు కన్నడ వస్తాది అజ్జా. కన్నడలో పచ్చె అంటే ఆకుపచ్చే. పసుపు గావాలంటే హళది అనల్ల. ముప్పై ఏండ్లు ఈ సీమలోనే లారీ తోలి, ఇంత మాత్రం తెలీకుంటే ఎట్ల?"

మళ్ళీ వేయాలంటే రెండు రోజులన్నాడు. మర్నాడు పొద్దున ఆరింటికి బయలుదేరాలి. ట్యాంకు బిగించుకుని ఇంటికొచ్చి, బండి మీద గోనెపట్టా కప్పేశాను.

పొద్దున అయిదున్నరకు మార్తమ్మ స్వెట్టరు వేసుకుని బయటికొచ్చింది. నేను పట్టా తీసి, వీరేశిని తిట్టడానికి నోరు తెరిచాను. ఆమె బండి చుట్టూ ఒకసారి తిరిగి, ట్యాంకు మీద చెయ్యి పెట్టింది. "మా కురుగోడు మిరపతోట రంగే ఇది. పర్వాలేదే, చెప్పింది చెప్పినట్టే చేయించినావు" అంది.

ఆమె పుట్టింది కురుగోడులో, చదివింది కన్నడ బడిలో. ఆమె పచ్చ, వీరేశి పచ్చె ఒకటే. నలభై ఏళ్ళు ఒకే ఇంట్లో నా పచ్చ నాది, ఆమె పచ్చ ఆమెది. నేను తెరిచిన నోరు మూసుకుని "మరేమనుకున్నావు" అని కిక్కు కొట్టాను. వీరేశితో నేను పడిన గొడవ ఆమెకు ఇంతవరకూ చెప్పలేదు. ఎవరైనా ఇది చదివి ఆమెకు వినిపించేటట్టుంటే వినిపించండి.

ఎక్కే ముందు ఒక షరతు పెట్టింది. "మోకాలు నొచ్చితే తోరణగల్లులో దిగి బస్సుకు వచ్చేస్తా. నువ్వు అడ్డం చెప్పగూడదు." సరే అన్నాను. అనక ఏం చేస్తాను.

ఆరుంబావుకు పదకొండు బండ్లు కదిలాయి. ముందు సంగీత. ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే పిల్ల, ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి, మా గుంపును నడిపించేది ఆమే. కొత్త పెద్ద బండి కొన్నది, వెనక కూర్చునేవాళ్ళకు నడుము ఆనించుకునే దిండు కూడా ఉంది. తోడు రావాల్సిన చెల్లెలికి జ్వరం రావడంతో ఈ ఏడు బొరుగుల మూట ఆమెకే పడింది. తోరణగల్లు దాకా ముప్పై కిలోమీటర్ల పైచిలుకు, రోడ్డు బాగుంటుంది. కాకపోతే ఉక్కు ఫ్యాక్టరీ షిఫ్టు మారే వేళ కంపెనీ బస్సులు వరసగా వస్తాయి, ఎడమ పక్కనే పోండి. నేను ఎప్పుడూ పోయే జోరులో సగమే పోయాను. ప్రతి గుంత దగ్గరా వెనక మోకాలు అన్న మాట వినబడుతుందేమోనని చెవి పెట్టుకున్నాను. వినబడలేదు. అది ఇంకా భయం.

ఏడున్నరకు తోరణగల్లులో ఆగాం. బస్టాండు పక్క గుడిసె హోటల్లో నానబెట్టిన బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జి ప్లేటు నలభై. బజ్జి కారమా అని అడిగితే, పొయ్యి దగ్గరున్న ఆమె "మిరపకాయ బజ్జి తియ్యగుంటాదా తాతా?" అంది. నేను తింటూండగా బళ్ళారి బస్సు వచ్చి నిలబడింది. మార్తమ్మ చెయ్యి కడుక్కుని నేరుగా బస్సు దగ్గరికి పోయి కండక్టరుతో ఏదో మాట్లాడింది. నేను ప్లగ్గు తుడుస్తున్నట్టు వంగాను. ప్లగ్గు శుభ్రంగానే ఉంది.

వెనక్కి వచ్చి, "ఆడోళ్ళకు ఫ్రీ అంట. కిటికీ పక్క సీటు ఖాళీగా ఉండాది" అంది.

"అయితే?"

"అయితే ఏంది, కొండ ఆ పక్క గదా ఉండేది. ప్లగ్గు అరిగిపోతాది, ఇంక లెయ్యి."

సండూరు తొమ్మిదికి చేరాం. ఊరు దాటాక కొండ దారి. ఈ నెలలో పోతే కొండంతా ఆకుపచ్చ, కింద నేల ఎర్రన. ఎండాకాలంలో పోతే దుమ్మే. మూడో మలుపు నిటారుగా ఉంది. నేను ఇద్దరి బరువుతో మూడో గేరులోనే ఎక్కించబోయాను. బండి ముక్కి, ఆగిపోయింది.

"దిగేదా?" అంది మార్తమ్మ.

"కూచో."

కిక్కు కొట్టాను. రెండు గజాలు పోయి మళ్ళీ ఆగింది. వెనక లారీ హారను.

"దిగేదా?"

"కూచో అంటే కూచో."

సంగీత బండి తిప్పుకుని వచ్చింది. "తాతా, నీ బండికి ఇద్దరు ఎక్కువ. అవ్వను నేను తెస్తా, నువ్వు మూట పట్టు" అంది. నేను వద్దనేలోపే మార్తమ్మ దిగింది. ఆ దిండు సీటెక్కి, నడుము ఆనించుకుంది. నా వెనక సీటుకు బొరుగుల మూట కట్టారు. పొడవు సీటు మీద మూట దర్జాగా కూర్చుంది. తరవాతి మలుపులో వాళ్ళు నన్ను దాటిపోయారు. బస్సులో పోయేవాళ్ళు రోడ్డు పక్క మనుషులకు ఊపినట్టు మార్తమ్మ నాకు చెయ్యి ఊపింది.

పైన గాలి చల్లగా ఉంది. బొరుగుల్లో ఎర్రగడ్డ, పచ్చిమిర్చి, నూనె కలిపి అందరూ కాగితాల్లో తిన్నారు. మార్తమ్మ సంగీత పక్కనే కూర్చుని ఆ దిండు ఎంతయింది, యాడ దొరుకుతుంది అని అడుగుతోంది. ఏడేళ్ళకు ఎక్కింది, మూడు మలుపులకే పోయింది అనుకున్నాను.

పదకొండున్నరకు తిరుగు ప్రయాణం. "రా అవ్వా, నా బండి మెత్తగుంటాది" అని సంగీత పిలిచింది. నేను పిలవలేదు. గుడ్డ తీసుకుని సీటు తుడుస్తున్నాను.

"మెత్తగానే ఉండాది బిడ్డా" అంది మార్తమ్మ. "కానీ నువ్వు హెల్మెట్టు లోపల పాటలు వింటాండావు. నేను మాట్లాడేది నీకు వినపడల్యా. ఈయప్పనైతే తిడితే వినపడతాది." నా భుజం మీద చెయ్యేసి ఎక్కింది. కూర్చున్నాక చెవి దగ్గర అడిగింది, "దిగు అని ఒక్క మాట అంటే దిగనా? ఎందుకు అనల్యా?"

"దిగితే మళ్ళా ఎక్కవని."

"ఇదే మాట ఆ సీటు తీయించినప్పుడే చెప్పింటే ఏడేండ్ల ఆటో ఛార్జీ మిగిలేది గదయ్యా" అని నా వీపు మీద ఒకటి చరిచింది. కొండ దిగేదాకా, తోరణగల్లు దాటేదాకా, కుడితిని దాటేదాకా తిట్టింది. అంత బాగా బండి నేనెప్పుడూ తోలలేదు. ఒంటిగంటన్నరకు ఇల్లు చేరాం.

బండి ఎంచుకోవడం గురించి, మార్పులు చేయించడం గురించి కుర్రవాళ్ళు నన్ను చాలా అడుగుతారు. చదివింది నాలుగో తరగతే అయినా ఇంజనులో ఏ నట్టు ఏ పని చేస్తుందో కళ్ళు మూసుకుని చెబుతాను. వెనక కూర్చున్న మనిషి ఏమనుకుంటోందో కళ్ళు తెరిచినా నాకు తెలియలేదు. అడిగితే తెలిసేది. ఆ అడగడమే నాకు కొండ మలుపు కన్నా నిటారుగా కనబడింది, అది నా తలపొగరు. ఇప్పుడు మార్తమ్మ ఆదివారం చర్చికి నా వెనకే వస్తోంది. దారిలో ఏం పొరపాటు చేశానో ప్రార్థన మొదలయ్యేలోపు మొత్తం చెప్పేస్తుంది.

ఈ దారిలో పాత బండి తీసుకుపోయేవాళ్ళకు ఒక మాట. సండూరు దాటాక ఆయిలు దొరకదు, సీసాలో పెట్టుకోండి. మలుపు రాకముందే రెండో గేరుకు దిగండి. అయినా బండి ముక్కితే, అది ఆగిపోయేదాకా చూడకుండా, వెనకున్నవాళ్ళను "కొంచెం దిగుతావా, పైన ఆగుతా" అని అడగండి. పైన ఆగండి. వాళ్ళు ఎక్కుతారు.