దాఖలాకా, దవాఖానకా

నా చిన్నప్పుడు మా ఇంట్లో పొద్దస్తమానం వినబడిన మాట "దాఖలా". అవి ఉర్దూ రాజ్యమేలే రోజులు కాబట్టి కాలేజీలో చేరడాన్ని ఇబ్రహీంపట్నంలో అందరూ అట్లాగే అనేవాళ్లు. మా బావకు పట్నంలోని సర్కారు యూనివర్సిటీలో దాఖలా కావాలి. మాతోనే ఉండే అతని తల్లి, మా మేనత్త, పొయ్యి ముట్టించేటప్పుడు ఆ మాట ఎత్తుకుంటే పడుకునేదాకా వదిలేది కాదు. వినీ వినీ నాకు విసుగు పుట్టేది. ఆ మాట వెనక ఒక చావు ఉందని తెలిసినా విసుగే.

ఆ చావు అత్త భర్తది, అంటే మా మామయ్యది. అంతకుముందు ఏడు రెవెన్యూ గిర్దావరు లెవీ ధాన్యపు గల్ల కోసం రజాకార్లను వెంటేసుకొని వచ్చాడు. సర్కారుకు ఇవ్వాల్సిన ధాన్యం అప్పటికే ఇచ్చేశారు, ఇంట్లో మిగిలినవి విత్తనాల జొన్నలు. అవి ఇవ్వనన్నందుకు మామయ్యను ఎడ్లకొట్టంలో గుంజకు కట్టి మా చర్నాకోలతోనే కొట్టారు. అడ్డం పోయిన అత్తను బూటుకాలితో తన్నారు. మామయ్య అరుపు సన్నగిల్లుతూ వచ్చి చివరికి దెబ్బల చప్పుడే మిగిలింది. జొన్నలు బండికెత్తుకొని పోయారు. నోట్లోంచి నెత్తురు పడుతూ పడుతూ వారం తిరగకుండానే మామయ్య పోయాడు.

ఆ మరుసటి ఏడు బావ ఉర్దూలో మెట్రిక్ పాసయ్యాడు. మోతుబరుల పిల్లలు నిజాం చదువు మాకొద్దని నాగపూర్‌కో మద్రాసుకో పోతున్నారు. వాళ్లతో పోవాలంటే ఉన్న చెలక భూమి కాస్తా అమ్మాలి. అతని ఈడువాళ్లు కొందరు తుపాకి పట్టి అడవిలోని దళంలో కలిశారు. బావ మనసు అటే లాగేది, ఆ గిర్దావరును చంపిగానీ ఊరుకోననేవాడు. ఇక మిగిలింది పట్నంలోని యూనివర్సిటీ. ముల్కీలకు, అంటే ఈ రాజ్యంలో పుట్టి పెరిగినవాళ్లకు, అక్కడ ఫీజు మాకు అందేటంతే ఉండేది. దాని పేరెత్తితేనే బావకు ఒళ్లు మండేది.

"నాయన్ను సంపినోళ్ల బడికి నేనెట్ల పోతనే?" అన్నాడు ఒకరోజు అన్నం ముందు కూర్చొని.

"వాళ్ల బడేంది? మన గల్ల గుంజుకపోయి కట్టిన్రు గది. ఆ గోడలల్ల మీ నాయన జొన్నలున్నయి. వాళ్లకే ఇడిసిపెడ్తవా?" అంది అత్త. బావ కంచం దగ్గరికి లాక్కున్నాడు. మెతుకు మిగల్చకుండా తిన్నాడు.

దాఖలాకు ఆఖరు రోజున కోడికూతతోనే బండి కట్టారు. నాదర్‌గుల్ దారిలో ఎవరినో కాల్చారని విని, చుట్టుతిరిగి పెద్ద అంబర్‌పేట మీదుగా బయలుదేరాం. వయసులో ఉన్న మగవాడు రోడ్డు మీద కనబడితే చాలు, దళం మనిషని పట్టుకునే కాలం. అందుకని బావ ఒక ఉపాయం పన్నాడు. అత్త జబ్బుమనిషిలా గొంగడి కప్పుకొని పడుకోవాలి, ఎవరడిగినా పట్నం దవాఖానకు పోతున్నామని చెప్పాలి. పక్కన చిన్నపిల్ల ఉంటే నమ్ముతారని నన్ను కూడా ఎక్కించుకున్నారు. నన్ను అడ్డం పెట్టుకున్నారని పెద్దయ్యాక గానీ నాకు తట్టలేదు. తట్టినప్పుడు కోపం రాలేదు.

దారిలో తగలబడిన ఇళ్లు ఇంకా పొగలు కక్కుతున్నాయి. ఒకచోట రోడ్డు పక్కన ఎవరో మనిషి బోర్లా పడి ఉన్నాడు. అత్త నా కళ్లు మూసింది. ఈగల మోత మాత్రం వినబడుతూనే ఉంది.

హయత్‌నగర్ ఇంకా రాకముందే రజాకార్లు బండి ఆపారు. వాళ్ల జమేదారు తుపాకి మొనతో గొంగడి ఎత్తి ఎక్కడికని అడిగాడు.

"దాఖలాకు, బాంచెన్," అంది అత్త మూలుగుతూ.

నెలల తరబడి నోట్లో నానిన మాట. దవాఖాన అనబోయి అదే అనేసింది. "దాఖలానా? నీకా?" అని జమేదారు పగలబడి నవ్వాడు. ఆ నవ్వు ఆగకముందే మిగతావాళ్లు బావను బండి మీంచి లాగి కింద పడేశారు. జబ్బు అబద్ధమైతే వీడు దళం మనిషేనని తుపాకి మడమలతో వీపు మీద, డొక్కల్లో పొడిచారు. బావ మట్టిలో ముడుచుకుపోయాడు.

అత్త గొంగడి విసిరేసి బండి దిగింది. కాళ్ల మీద పడుతుందనుకున్నాను. పడలేదు. జమేదారు ఎదుట నిలబడింది.

"అబద్ధం చెప్పింది నేను, కొడితె నన్ను కొట్టు. సర్కార్ మీద తుపాకి వట్టేటోడు సర్కార్ బడికి ఎందుకు పోతడు? వాని ఉర్దూ జర ఇను, నీకే ఎరుకైతది."

జమేదారు మాట్లాడమన్నాడు. నోట్లో నెత్తురు ఉమ్మేసి బావ తన ఊరేదో, ఏం చదవబోతున్నాడో పుస్తకాల్లోని ఉర్దూలో చెప్పాడు. జమేదారుకు అందులో సగమైనా అర్థమైనట్టు లేదు. దానికే అతనికి ఇంకా మండింది. పొమ్మంటూనే బావ కుడి చేతిని బండిచక్రం ఇనుప పట్టా మీద పెట్టించి తుపాకి మడమతో కొట్టాడు. "గిప్పుడు పోయి రాయి," అన్నాడు. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది.

అక్కడినుంచి బండి అత్తే తోలింది. గొంగడిలో చుట్టిన బావ చెయ్యి నా ఒళ్లో ఉంది. నా లంగా నెత్తుటితో తడిసి కాళ్లకు అంటుకుపోయింది. పట్నం పొలిమేరలో దారి రెండుగా చీలింది, ఒకటి దవాఖానకు, ఇంకొకటి యూనివర్సిటీకి. "అమ్మా, దవాఖానకు పోదమే. నాతోని ఐతలేదు," అన్నాడు బావ. అత్త ఎడ్లను ఆపింది. రెండు దారుల వైపూ ఒకసారి చూసింది.

"దవాఖాన రేపు గూడ ఉంటది కొడుకా. దాఖలా ఉండది," అని బండిని యూనివర్సిటీ వైపు మళ్లించింది.

అక్కడ గుమస్తా దరఖాస్తు కింద సంతకం పెట్టమన్నాడు. కుడి చెయ్యి లేవలేదు. మెట్రిక్ పాసైన మా బావ ఎడమ బొటనవేలికి సిరా పూసుకొని వేలిముద్ర వేశాడు. గుమస్తా నెత్తుటి గొంగడి వైపు చూసి, ఏమీ అడగకుండా ముద్ర కొట్టాడు. బయటికి వచ్చాక అత్త ఆ రాతిగోడకు అరచెయ్యి ఆనించి నిలబడింది. అప్పుడు ఏడ్చింది.

ఆ ఏటి వానలు ముగియకముందే పోలీసు చర్య వచ్చింది, రజాకార్లు పోయారు. తుపాకులు మాత్రం వెంటనే ఆగలేదు. అడవికి పోయిన బావ దోస్తుల శవాలు ఆ తర్వాత కూడా ఊరికి వచ్చాయి. బావ వేళ్లు సరిగా అతుక్కోక వంకరపోయాయి. ఎడమ చేత్తో రాయడం నేర్చుకొని చదువు ముగించాడు. కొన్నేళ్లకు నేనూ అక్కడే చదివాను.

అత్త చేసింది తప్పని నేను చాలా కాలం లోలోపల అనుకున్నాను. ఒకసారి బావనే అడిగాను. "నేనైతె దవాఖానకే పోదును. గందుకే అమ్మ బండి తోలింది," అని నవ్వాడు. ఆ తర్వాత ఇక ఎవరినీ అడగలేదు.

ఇప్పుడు మా ఇంటి పిల్లలు లక్షలు పోయాల్సిన కాలేజీల పేర్లు చెబుతుంటే నాకు కోపం ముంచుకొస్తుంది. మన గల్లతో కట్టిన యూనివర్సిటీ ఉండగా ముందు అక్కడ అడగండని పోట్లాడతాను. కొందరు వింటారు, కొందరు ముసలిదాని చాదస్తమంటారు. మొన్న మా మనవరాలు అక్కడే సీటు తెచ్చుకొని దండం పెట్టడానికి వంగింది. నేను ఆ పిల్ల కుడి చెయ్యి పట్టుకొని ఒక్కొక్క వేలూ తడిమి చూశాను. అన్నీ తిన్నగా ఉన్నాయి.