పెద్దన్న కాల్చని తుపాకి

మాది చౌటుప్పల్ దగ్గర గొర్లు కాసుకునే కుటుంబం. చైనాతో యుద్ధం వచ్చిందని సారు చెప్పిన రోజు క్లాసులో అందరూ నావైపే తిరిగారు. మా పెద్దన్న మిలిట్రీలో ఉన్నాడు మరి. అతను శత్రువులను ఎట్లా కాల్చి పడేస్తున్నాడో నేనే కథలల్లి చెప్పేదాన్ని. యుద్ధం తొందరగా అయిపోతే చెప్పడానికేమీ ఉండదని బెంగపడ్డాను కూడా. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కొన్ని నెలలు ఉత్తరం లేదు. తర్వాత అన్నే వచ్చాడు. కర్ర పట్టుకుని కుంటుతూ వస్తుంటే అమ్మ గుర్తుపట్టలేదు, ఎవరో అనుకుని పక్కకు జరిగి దారి ఇచ్చింది. మంచుకు చచ్చుబడ్డ కాలివేళ్లన్నీ దవాఖానలో తీసేశారు.

వారం ఓపిక పట్టి అడిగాను.

"అన్నా, ఎంతమందిని సంపినవు?"

"ఒక్కన్ని గూడ సూడలే."

"మరి తుపాకి?"

"కాల్చనే లే. వెనకకు నడిసినం, గంతే. నా తోటోడు కాళ్లు వస్తలేవని మంచుల కూసున్నడు. జర ఆగు, మనుషుల్ని తోలుకొస్తనని జెప్పిన. మళ్ల పోలే."

అని, పాదాలకు నూనె రాసుకోసాగాడు. నేను బడిలో కథలు మానేశాను.

గొర్ల వెంట అన్న నడవలేడు, బాపుకు ఓపిక లేదు. మంద అమ్మేశాం. మూడేళ్లకు పాకిస్తాన్‌తో యుద్ధం మొదలైంది. చిన్నన్న తానూ మిలిట్రీకి పోతానన్నాడు.

అమ్మ పెద్దన్న చేయి పట్టుకుంది. "నువ్వన్న జెప్పు కొడుకా. నీ మాటింటడు."

పెద్దన్న మెల్లగా చేయి విడిపించుకున్నాడు. "ఏం జెప్పాలె? గొర్లు లేవు, వానల్లేవు. ఈడుంటె ఏం తింటడు?"

నాకు ఒళ్లు మండింది. మంచులో కూర్చున్న మనిషి సంగతి నేనే చిన్నన్నకు చెప్పాను. అతను నవ్వాడు. "అన్న నసీబు మంచిగ లేకుండె. నాకట్ల గాదు తియ్యి." రెండో రోజే బస్సెక్కాడు.

అతని ట్రైనింగ్ పూర్తి కాకముందే యుద్ధం ఆగింది. అమ్మ యాదగిరిగుట్టకు పోయి కొబ్బరికాయ కొట్టి వచ్చింది.

"యుద్ధమైపోయింది గదా అన్నా," అన్నాను.

"గిప్పటికి," అన్నాడు పెద్దన్న.

అమ్మ వింటుందేమోనని ఇద్దరం అక్కడితో ఆపేశాం.