బర్రె మెడలోని రాయికి పేరు పెట్టినవాణ్ణి

చాలా ఏళ్లుగా నా మీద ఒక రాయి బరువుంది. మాటవరసకు అనడం లేదు, నిజం రాయే. రెండు అరచేతుల్లో పడుతుంది. తప్పు చెప్పేముందు నా తెలివితక్కువతనం చెప్పేస్తాను. అది చెప్పడం తేలిక.

నేను నారాయణఖేడ్‌లో పుట్టి, కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. ఉద్యోగంలో ఉండగా ఒక ఎండాకాలం నాగల్‌గిద్ద వైపు వాగు ఇసుకలో ఆ రాయి కనబడింది. చుట్ట చుట్టుకున్న గుల్ల, లోపల అరలు అరలుగా గోడలు. కోట్ల ఏళ్ల కిందట సముద్రంలో ఈదిన జీవి. ఆక్టోపస్‌కు దూరపు చుట్టం. ఈ తెగను శీర్షపాదులంటారు, తలకే కాళ్లు మొలిచినవి. ఆ రోజు నాకూ తల లేదు, కాళ్లే ఉన్నాయి. ఇంటికి పరుగెత్తాను.

మా నేల కింద ఉన్నదంతా లావా గడ్డకట్టిన నల్లరాయి. సముద్రపు గుల్లకు ఇక్కడేం పని? ఆ ప్రశ్న రాలేదా? వచ్చింది. ఒకప్పుడు సముద్రపు పాయ ఇటు వచ్చిందని జవాబు కూడా నేనే చెప్పుకున్నాను. పొరలోంచి తీసిన శిలాజమైతే వేరు. ఇది ఇసుకలో విడిగా పడివున్నది. రెండోది దొరికేదాకా ఆగాలి. ఆగలేకపోయాను, ఎందుకంటే గుల్ల వీపు మీద చుట్టూతా వేలు పట్టేంత గాడి ఉంది, పుస్తకాల్లో ఉన్న ఏ జాతికీ అలాంటి గాడి లేదు.

కొలతలు తీశాను. అరల గోడలు పెంకును తాకే గీతలను కాగితం మీదికి దించాను. గాడి గురించి ఒక పేరా రాశాను. అది ఒకచోట పక్కకు ఒరుగుతుంది. వయసొచ్చాక జీవి ఈత తీరు మార్చుకుందని దానికి ఇంకో పేరా. కొత్త జాతికి మా ఊరి పేరు పెట్టి ఒక శాస్త్ర పత్రికలో అచ్చేయించాను. పెట్టినవాడికీ పేరొచ్చింది. పేపర్లో రాయి ఫోటో, పక్కన నా ఫోటో వేశారు. రెండింట్లో రాయే తెలివిగా కనబడింది.

కొన్ని నెలలకు ఖేడ్ బస్టాండులో ఒక ముసలమ్మ నన్ను ఆపింది. శాంతమ్మ, ఆ వాగు పక్క ఊరామె. పేపర్లో బొమ్మ చూసిందట.

"సారూ, గది మా బర్రె మెడల రాయి. పేపర్ల ఎందుకేసిన్రు?"

గట్లాంటి రాళ్లు మస్తుంటయని నవ్వాను. ఫోన్‌లో ఉన్న రాయి ఫోటో చూపించాను. ఆమె వేలు నేరుగా గాడి ఒరిగిన చోటికే వెళ్లింది.

"గీ వంకర సూడు. గక్కడ ముడేసేది మా ఆయన. ఆయనకు ముడేసుడు సక్కగ రాదు. ఏండ్ల సంది తాడు ఒరుసుకొని ఒరుసుకొని గట్లయింది."

బర్రెను ఎక్కడ కొన్నారని అడిగాను.

"సంతల. కన్నడపోళ్ల తాన. వాళ్లు ఏడికెల్లి తెచ్చిన్రో. రాయి అప్పటికే మెడల ఉండె. దొంగబర్రె, చేన్లల్ల వడకుంట గుదిబండ కట్టిన్రు. వాగుల తాడు తెగింది. ఇగ మా రాయి మాకియ్యి సారూ, బర్రె కందిచేన్లు మేస్తుంది, తిట్లు మేం తింటున్నం."

సర్కారులో జమైంది, రాదన్నాను. అప్పుడది నా టేబుల్ సొరుగులోనే ఉంది.

రాయి ఎక్కడిదో తెలియదు, గాడి తాడు కోసింది; నేను పెట్టిన పేరులో ఊరూ పోయింది, జాతీ పోయింది. నాకు తెలుసు. ఆ వారమే పత్రికకు రాసి ఉంటే నలుగురు నవ్వేవాళ్లు, అంతే. రాయలేదు. నవ్వుకు అంత భయపడ్డానా? ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

ఇంతవరకూ ఇది నా ఒక్కడి సిగ్గు. తర్వాతిదే తప్పు.

మరుసటి ఏడు సునంద వచ్చింది. నాగల్‌గిద్ద పిల్ల, తల్లిదండ్రులు కూలికి పోతారు, వాళ్ల ఇంట్లో పీహెచ్‌డీ దాకా వచ్చిన మొదటి మనిషి. నేను పేరు పెట్టిన జాతి ఏ రాతిపొరలోంచి వచ్చిందో వెతికి పట్టుకుంటానంది. వద్దనడానికి ఒక్క మాట చాలు. నేను గైడుగా సంతకం పెట్టాను. ఎందుకు? ఆ కళ్లలో నేను ఇంకా పేపర్లోని మనిషినే కదా.

ఆమె ప్రతి ఎండాకాలం వాగులు నడిచింది. సుత్తితో కొట్టిన ప్రతి రాయీ నల్లరాయే. మొహం పీక్కుపోయి వచ్చి, నా చూపే సరిగ్గా లేదేమో సార్, అనేది. ఓపిక పట్టమనేవాణ్ణి. స్కాలర్‌షిప్ ఆగింది, గడువు ముగిసింది, థీసిస్ రాయడానికి ఏమీ దొరకలేదు. ఆ గాడి నా ఉద్యోగాన్ని గాడిలో పెట్టింది, ఆమె బతుకును గాడి తప్పించింది. ఇలా మాటలు పేర్చడం నాకు చేతనవును. ఆమె ముందు నిలబడి నిజం చెప్పడం ఒక్కటే చేతకాలేదు.

ఇప్పుడామె ఖేడ్‌లో ప్రైవేటు బడిలో సైన్సు చెబుతోంది. పోయిన ఏడు ఆటోస్టాండు దగ్గర కనబడి నమస్కారం పెట్టింది. ఆదివారాలు ఇంకా వాగుల వెంట పోతుందట. ఎప్పటికైనా దొరుకుతుంది సార్, అంది. దొరకదమ్మా అనబోయాను. ఆటో వచ్చింది. ఆటో రాకపోయినా అనేవాణ్ణి కాదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదని రాస్తే అబద్ధం. పట్టింది. అందుకే భయం వేసింది.

మా శాస్త్రంలో తప్పు పేరును కొట్టేయడానికి ఒక మర్యాద ఉంది. 'పునఃపరిశీలనలో ఇది చెల్లదని తేలింది' అని మెత్తగా రాస్తారు, ఎవరి పరువూ పోదు. నేను ఆ పత్రికకు రెండు వాక్యాలు పంపాను. గాడి బర్రె మెడ తాడు ఒరిపిడి వల్ల ఏర్పడింది. ఈ సంగతి రచయితకు ఎప్పటినుంచో తెలుసు.

రెండో వాక్యం శాస్త్రానికి అవసరం లేదు, తీసేద్దామని సంపాదకుడు మర్యాదగా రాశాడు. అది లేకుండా మొదటిది వేయడానికి వీల్లేదని జవాబిచ్చాను. నా జాతి పేరు ఎవరు వెతికినా ఇకముందు ఆ వాక్యం కూడా తగులుతుంది. పేపర్లో పడిన ఆ పెద్దమనిషి మీద నేను తీర్చుకోగలిగిన కక్ష ఇంతే.

పోయిన నెల అచ్చయింది. సునంద ఆ పత్రిక ఒక్క సంచికా వదలదు. ఇంకా ఫోన్ చేయలేదు.