శనివారం పటం

మా ఓనరమ్మ పోలండ్ మనిషి. డ్రెస్డెన్‌లో చదువుకునేటప్పుడు ఆవిడింట్లోనే ఒక గదిలో అద్దెకుండేవాణ్ణి. నేను తప్ప ఆవిడతో మాట్లాడే మనిషి లేడు. ప్రతి శనివారం పొద్దున్నే స్టూలెక్కి, గుమ్మం పక్కనున్న పటాన్ని తలకిందులుగా తగిలించేది. అందులో గడ్డమున్న యూదు ముసలాయన ఒకాయన నాణేలు లెక్కపెడుతుంటాడు. అలా తిప్పితే ఆయన డబ్బంతా ఇంట్లో రాలుతుందట. “మా ఊళ్ళో అందరిళ్ళల్లోనూ ఉంటాడు. మంచి జరుగుతుంది,” అనేది. మనం గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టమూ, ఇదీ అంతే అనుకుని ఊరుకున్నాను.

అంతలో పైవాటాలోకి ఒక యూదు పెద్దావిడ వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగలేకపోయేది. మా ఓనరమ్మే ప్రతి ఆదివారం పైకెళ్ళి, ఆవిడతో కాఫీ తాగి, నవ్వుమొహంతో దిగొచ్చేది. పెద్దావిడ పుట్టినరోజుకి ముచ్చటపడి అలాంటి పటమే పోలండ్ నుంచి తెప్పించింది. కేకు పట్టుకుని నేనూ వెంట వెళ్ళాను.

పెద్దావిడ కాగితం విప్పి పటాన్ని చూసింది.

“మీ ఊళ్ళో మావాళ్ళు ఎంతమంది ఉన్నారు?” అని అడిగింది.

“ఇప్పుడా? యుద్ధం తర్వాత ఒక్కరూ లేరు,” అంది మా ఓనరమ్మ నవ్వుతూనే. అన్నాక ఆ నవ్వు ఎక్కడ దాచుకోవాలో ఆవిడకి తెలియలేదు.

పెద్దావిడ కోప్పడలేదు. పటాన్ని మళ్ళీ కాగితంలో చుట్టి మా ఓనరమ్మ చేతికిచ్చింది. ఆ తర్వాత పైనుంచి పిలుపు రాలేదు. ఈవిడా వెళ్ళలేదు.

మళ్ళీ శనివారం అలవాటుగా స్టూలెక్కింది. పటం మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది. నా వైపు తిరక్కుండానే అంది:

“ఇన్నేళ్ళు ఇంట్లో పెట్టుకున్నాను. ఈయనకొక పేరుంటుందని నాకెప్పుడూ తోచలేదు.”